పంతులు చూసిండంటే గంతే

బంతి చేతికి చిక్కగానే అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపేవాడు, గుడి ముందు దుకాణంలో కొబ్బరికాయ కొనేవాడు నీళ్ళున్నాయో లేదో చూసుకున్నట్టు. ఆ బంతి కూడా కొబ్బరికాయ లాగే ఉంటుంది, గుండ్రంగా కాకుండా కోలగా, రెండు కొసలూ సన్నగా. చుట్టూ ఎదుటి జట్టువాళ్ళు రొప్పుతూ నిలబడి ఉంటే ఇతను తాపీగా ఊపి, విని, తల ఆడించి, అప్పుడు కాలితో కొట్టేవాడు. గట్టు మీద కూర్చున్న జనం ఆ ఊపు కోసమే ఎదురు చూసేవారు. "నీళ్ళున్నయా?" అని అందరూ ఒక్కసారే అరిచేవారు. గల్ఫ్‌లో మా కంపెనీ కూలీల క్యాంపులో నేపాలీలకు వచ్చిన మొదటి తెలుగు మాట అదే.

మొన్న మంగళవారం అతను పోయాడని ఫోనులో కబురు వచ్చింది. పంపినవాడు ఒకప్పుడు మా భజనలో ఢోలక్ వాయించిన పైపు ఫిట్టరు. ఇప్పుడు కోరుట్లలో ఆటో నడుపుతున్నాడు.

"పంతులు గారూ, అన్న పోయిండు. పొలం కాడ గట్టు మీద కూసున్నడట. కూసున్నోడు గట్లనే ఒరిగిండట. ఒక్క మాట లేదు, మూలుగు లేదు."

విని దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టాను. జపమాల తీశాను. కళ్ళు చెమ్మగిల్లుతాయేమోనని కాసేపు చూశాను. నాకు కలిగింది దుఃఖం కాదు. ఎంత సుళువుగా వెళ్ళిపోయాడు అనుకున్నాను. అలాంటి చావు ఇమ్మని నలభై ఏళ్ళుగా రోజూ రెండు పూటలా నేను దేవుణ్ణి అడుగుతున్నాను. ఒక్కసారైనా అడగని మనిషికి ఇచ్చాడు.

అతని విషయంలో నాకు ఎప్పుడూ ఇంతే. పేరు రాయను. రాస్తే నేను చేసిన పని అతని పేరుతో కలిసి తిరుగుతుంది. కంపెనీలోని ఆస్ట్రేలియా వాళ్ళకు ఆ పేరు నోరు తిరగక చొక్కా మీది అంకెతో ఇరవై మూడు అని పిలిచేవారు. క్యాంపులో అందరికీ అన్న.

రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంట్లు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. ఏ దేశం నుంచి ఎవరు దిగినా పని ఉండేది. నేను ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో ఉండేవాణ్ణి. డ్రాయింగులకు ముద్ర వేసి కొత్తవి సైటుకు పంపడం, పాతవి వెనక్కి తెప్పించడం నా పని. అల్ ఖోర్‌లో నలుగురు స్టాఫ్‌తో కలిసి ఒక విల్లాలో ఉండేవాణ్ణి. శుక్రవారం సెలవు. ఆ సాయంత్రం నాలుగింటికి మా హాల్లో సత్సంగం జరిగేది. మా నాన్న కోనసీమలో ముప్పై ఏళ్ళు భజన నడిపిన మనిషి. ఏడో ఏటినుంచీ ఆయన పక్కన కూర్చుని పారాయణం చేసినవాణ్ణి కనుక ఇక్కడ నడిపించే పని నాకు పడింది. పూజారిని కాకపోయినా అందుకే నన్ను పంతులు గారు అనేవారు. క్యాంపు నుంచి నలభై మంది దాకా వచ్చేవారు. పరాయి దేశం కదా, శబ్దం బయటికి పోకూడదని తలుపులు వేసి, గొంతు తగ్గించి పాడేవాళ్ళం. ఢోలక్ మీద తువ్వాలు కప్పి వాయించేవాళ్ళం.

అతను మాత్రం రాలేదు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. సైటులో పరంజా కట్టే పని, అంటే ఇనుప పైపులు బిగించుకుంటూ పైకి పోవడం. ఒకసారి మెస్‌లో నేనే పిలిచాను.

"శుక్రవారం రావచ్చు కదయ్యా, నీ ఊరివాళ్ళంతా వస్తున్నారు."

"నాకు కూసుంటే నిద్రొస్తది పంతులూ. దేవుని ముంగట గుర్రు పెడితే నీకే నామోషీ" అన్నాడు.

అందరూ గారూ అని, మీరు అని పిలిచే చోట అతనొక్కడు పంతులూ అని, నువ్వు అని అనేవాడు. అందులో అగౌరవం లేదు, అది వాళ్ళ వైపు మాట తీరు. తెలిసి కూడా నాకు గుచ్చుకునేది.

మా కంపెనీలో ఆస్ట్రేలియా వాళ్ళు పదిమంది దాకా ఉండేవారు. వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ వేరు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించవచ్చు, విసరకూడదు. చేత పట్టుకుని పరుగెత్తేవాడు పది పదిహేను గజాలకోసారి దాన్ని నేలకు కొట్టి మళ్ళీ అందుకోవాలి. గాలిలో వచ్చే బంతిని శుభ్రంగా పట్టుకుంటే ఆట ఆగుతుంది, ఎవరూ అతన్ని తాకకుండా తీరిగ్గా తన్నుకోవచ్చు. నాలుగు కంపెనీలు నాలుగు జట్లు పెట్టుకున్నాయి. అన్నిట్లోకీ అధ్వాన్నం మాది. మావాళ్ళలో సగం మందికి యాభై దాటింది, మిగతావాళ్ళకు పొట్టలు.

ఒక రోజు వాళ్ళు సాధన చేస్తుంటే బంతి గాలికి కొట్టుకుపోయి పైపుల లారీ వైపు వెళ్ళింది. లారీ మీద నిలబడి పైపులు దింపుతున్న ఇతను పక్కవాడి భుజం మీద మోకాలు పెట్టి పైకి లేచి ఒంటిచేత్తో దాన్ని అందుకున్నాడు. చెవి దగ్గర ఊపాడు. అందరూ నవ్వారు. మా సూపరింటెండెంటు ఒక్కడు నవ్వలేదు. ఆస్ట్రేలియా వాడే, బట్టతల, పెద్ద చేతులు, ఆ ఆట పిచ్చి ఉన్న మనిషి. మరుసటి వారం నుంచి ఇతను జట్టులో ఉన్నాడు.

మొదటి మ్యాచ్ చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు. ఇతను ఊళ్ళో కబడ్డీ ఆడినవాడు. బంతి దొరకగానే "కబడ్డీ కబడ్డీ" అని గొణుక్కుంటూ ఎదుటివాళ్ళ మధ్యకు దూసుకుపోయాడు. ఒకణ్ణి మోచేతి మీద, ఒకణ్ణి తుంటి మీద, ఒకణ్ణి వీపు మీద చరిచాడు. ముగ్గురినీ తాకాక గిరుక్కున వెనక్కి తిరిగి, వాళ్ళ గోల్ పది అడుగుల్లో ఉండగా దాన్ని వదిలేసి, మైదానమంతా దాటి తన వైపుకు వచ్చి చేతులెత్తి నిలబడ్డాడు.

"ముగ్గురు అవుట్ సార్!" అన్నాడు సూపరింటెండెంటుతో.

ఆ రోజు ఘోరంగా ఓడిపోయారు. కానీ ఆ గొణుగుడు మానలేదు, దానికి కొత్త వాడకం కనిపెట్టాడు. ఒక్క ఊపిరిలో ఎన్నిసార్లు కబడ్డీ అనగలడో లెక్క చూసుకుని, ఊపిరి తెగేలోగా బంతి నేలకు కొట్టేవాడు. మిగతావాళ్ళు గజాలు అంచనా వేయలేక తప్పు చేస్తుంటే ఇతనికి ఒక్కసారీ తప్పు పడలేదు.

ఆ చలికాలం తొమ్మిది మ్యాచ్‌లు. శుక్రవారాలు, మూడున్నరకు. ఆ రోజుల్లో సత్సంగాన్ని దీపాల వేళకు జరిపి నేనూ వెళ్ళి చూసేవాణ్ణి. మా జట్టు వరసగా ఎనిమిది ఓడింది. ఆ ఎనిమిదింటిలోనూ ఇతని ఆట చూడాలి. ఆరడుగుల తెల్లవాళ్ళ వీపుల మీద కాలు మోపి లేచేవాడు. పరంజా మీద బతికే మనిషికి ఎత్తు భయం ఉండదు కదా. పైన ఒక్క క్షణం ఆగినట్టు ఉండేవాడు. ఓడాక ఎదుటివాళ్ళందరి దగ్గరికీ పోయి చేతులు కలిపి, మా వైపు వచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఓడిపోతే ఏమైతది? పొద్దుగాల డ్యూటీ ఉండనే ఉంటది" అని పళ్ళు బయటపెట్టేవాడు. మెస్‌లో వంటవాడు అతని పళ్ళెంలో మాత్రం రెండు చేపముక్కలు వేసేవాడు.

అతను గాలిలో ఉన్నప్పుడు మొహం చూసేవాణ్ణి. చిన్నప్పుడు మా నాన్న కీర్తన మధ్యలో కళ్ళు మూసుకున్నప్పుడు ఆయన మొహం అలా ఉండేది. ఆ స్థితి కోసం నేను ఎన్ని ఏకాదశులు ఉపవాసం ఉన్నానో దేవుడికి తెలుసు. నాకు రాలేదు. నా గొంతు బాగుంటుంది, నాకు అధ్యాయాలకు అధ్యాయాలు కంఠస్థం, అర్థం విడమరిచి చెప్పగలను. అది మాత్రం రాలేదు. బీడీ కంపు కొట్టే ఈ మనిషికి, దేవుడి ముందు కూర్చుంటే నిద్రొచ్చే మనిషికి, ప్రతి శుక్రవారం వస్తోంది. మనిషి లోపలి శత్రువులు ఆరుగురని, ఆఖరివాడు మాత్సర్యమని సత్సంగంలో నేను ఎన్నిసార్లు చెప్పానో. వాడు నా ఇంట్లోనే పక్క వేసుకున్నాడని అప్పుడు తెలిసింది.

సత్సంగానికి నలభై మంది కాస్తా పాతిక అయ్యారు. తర్వాత పదకొండు. మ్యాచ్ అయ్యాక వస్తామనేవారు, రాలేదు. నేను సత్సంగాన్ని ఉదయానికి మార్చాను. ఉదయం బట్టలు ఉతుక్కోవాలన్నారు.

అప్పుడే సూపరింటెండెంటు నన్ను తన గదికి పిలిచాడు. ఆ ఆటలో మైదానం రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు పాతుతారు. మధ్యవి రెండూ పొడుగు, వాటికి అటొకటి ఇటొకటి పొట్టివి. పొడుగు స్తంభాల మధ్యనుంచి బంతి పోతే గోల్, ఆరు పాయింట్లు. పొడుగుదానికీ పొట్టిదానికీ మధ్యనుంచి పోతే ఒకటే పాయింటు. ఏది ఎటు పోయిందో చెప్పడానికి స్తంభాల కింద తెల్లకోటు తొడుక్కుని ఒక మనిషి నిలబడాలి. గోల్ అయితే రెండు వేళ్ళు చూపి రెండు జెండాలు ఊపాలి. కాకపోతే ఒక వేలు, ఒక జెండా. అతని మాటకు తిరుగు లేదు.

"నువ్వు ప్రార్థనలు చేయించే మనిషివట. అబద్ధం చెప్పవని క్యాంపులో అందరూ అంటున్నారు. నాకు అలాంటివాడు కావాలి" అన్నాడు.

ఒప్పుకున్నాను. ఎవరూ రాని సత్సంగంలో కూర్చోవడం కన్నా అది నయం. అదీ కాక, నిజాయితీపరుడని పిలిచి ఇచ్చిన ఉద్యోగం నాకు ఇష్టమైంది. నా అవతలి కొసన ఒక ఫిలిప్పీన్స్ సర్వేయరు నిలబడేవాడు. స్తంభాలు పరంజా పైపులతోనే చేశారు. పరంజా మనిషి ఇతనే కనుక తనే దగ్గరుండి తూకంతాడు వేసి నిట్టనిలువుగా పాతాడు.

ఆఖరి మ్యాచ్‌కు క్యాంపంతా వచ్చింది. ప్రాజెక్టు ముగింపుకొచ్చింది, జట్టు రద్దవుతుంది. ఒక్కటి, ఈ ఒక్కటి గెలవాలని సూపరింటెండెంటు నుంచి బాత్రూములు కడిగేవాడి దాకా అందరికీ ఉంది. ఆట చివరికి నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గడువు ముగిసిన హారన్ మోగే వేళకు ఇతను ఇద్దరి భుజాల మీదుగా లేచి బంతి పట్టాడు. హారన్ మోగినా పట్టినవాడికి తన్నే హక్కు ఉంటుంది. నేను నిలబడ్డ కొస. ముప్పై గజాలు, ఎదురుగా. గోల్ అయితే రెండు పాయింట్లతో గెలుపు.

చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "నీళ్ళున్నయా?" అని వందల గొంతులు. అప్పుడు గట్టు మీద ఢోలక్ మొదలైంది. మాది. భజన కోసం నేను ఊరినుంచి తెప్పించిన ఢోలక్. పైపు ఫిట్టరు దాన్ని మెడకు తగిలించుకుని, మేము నామం చెప్పే దరువే వాయిస్తున్నాడు. తువ్వాలు లేదు. తువ్వాలు తీసేస్తే మా ఢోలక్ ఎలా మోగుతుందో నేను అంతవరకూ వినలేదు. నా సత్సంగం నలభై మందీ అక్కడ నిలబడి, నా దగ్గర ఎప్పుడూ ఎత్తని గొంతుతో అరుస్తున్నారు.

బంతి వచ్చింది. ఎడమ పొడుగు స్తంభానికి లోపలగా, మూరెడు లోపలగా, నా తల మీదుగా పోయింది. చూశాను. నా రెండు చేతులూ లేవబోయాయి.

ఒక వేలు చూపించాను. ఒక జెండా ఊపాను.

ఢోలక్ ఆగిపోయింది. సూపరింటెండెంటు పరుగెత్తుకొచ్చి మొహంలో మొహం పెట్టి, చూశావా, సరిగ్గా చూశావా అని అడిగాడు. చూశానన్నాను. వెనక మావాళ్ళు గోల చేస్తున్నారు. అప్పుడు ఇతను అడ్డం వచ్చాడు. ముందు సూపరింటెండెంటు వైపు తిరిగి, "పంతులు ఝూట్ నహీ బోల్తా సాబ్" అన్నాడు. తర్వాత తనవాళ్ళ వైపు తిరిగి అన్నాడు.

"ఏందిరా లొల్లి? పంతులు చూసిండంటే గంతే. పదండ్రి, బస్సు పోతది."

బస్సులో వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు.

"పంతులూ, ఏమనుకోకు. నీకు ఎండకు మసక కొడుతుందా?"

"ఎందుకు?"

"నాకైతే లోపటికెళ్ళి పోయినట్టే కొట్టింది. నువ్వు అబద్ధమాడవు. ఐతే నీ కండ్లకు ఏమన్న అయిందేమో. మా నాయినకు గట్లనే అయింది, చెప్పుకోలేదు, మోటబాయిల పడ్డడు. నేను తోలుకపోత, చూపిద్దాం."

వద్దన్నాను. ఊరుకోలేదు. రోజూ డ్యూటీ దిగగానే ఆఫీసు గుమ్మంలో నిలబడి, "యల్లా, పోదాం పా పంతులూ, కండ్ల దుకాణం" అనేవాడు. నా తోటి స్టాఫ్ కూడా చూపించుకోమని అన్నారు. గురువారం సాయంత్రం వెళ్ళక తప్పలేదు.

అల్ ఖోర్ బజారులో చిన్న కళ్ళజోళ్ళ దుకాణం. మలయాళీ మనిషి. దారిలోనే నేను నిశ్చయించుకున్నాను, అక్షరాలు తప్పు చదువుదామని. నాలుగో వరుస దగ్గర తడబడితే చాలు, ఒక కళ్ళజోడు వస్తుంది, ఈ సంగతి ముగిసిపోతుంది. కానీ ఆ మలయాళీ అక్షరాల బోర్డు దాకా రానివ్వలేదు. ముందు ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి గడ్డం ఆనించమన్నాడు. లోపల ఒక రోడ్డు బొమ్మ, ఆ చివర ఒక బెలూను. రెండు క్షణాల్లో యంత్రం చీటీ కక్కింది. చదివి అతను నవ్వాడు.

"మీకు ఎవరు చెప్పారు సార్ రమ్మని? నంబరు లేదు, ఏమీ లేదు. పాతికేళ్ళ కుర్రాడి కళ్ళు."

నేను పక్కనున్న ఇతని మొహం చూడలేదు. ఇతను నా భుజం తట్టాడు.

"మంచిదే కదా పంతులూ. ఐతే నా కండ్లకే ఏమో అయినట్టుంది. భయ్యా, నావి గూడ జూడు."

కుర్చీలో తనే కూర్చున్నాడు. ఇంగ్లిషు అక్షరాలు రావు కనుక దుకాణం మనిషి మూడు పళ్ళ దువ్వెన లాంటి బొమ్మలున్న బోర్డు వెలిగించాడు. పళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. పైకి, కిందికి, ఇటు, అటు. వరుస వరుసకూ బొమ్మలు చిన్నవవుతున్నాయి. ఇతని చెయ్యి తొట్రుపడలేదు. నేను వెనక నిలబడి ఒక్కటి, ఒక్కటైనా తప్పు చూపించు దేవుడా అని వేడుకున్నాను. మొత్తం జీవితంలో నేను అంత మనస్ఫూర్తిగా చేసిన ప్రార్థన మరొకటి లేదు. ఆఖరి వరుస చీమ తలలంత ఉంది. అదీ సరిగ్గానే చూపించాడు.

"ఇద్దరివీ ఫస్ట్ క్లాస్" అన్నాడు మలయాళీ మనిషి.

ఇతను కుర్చీలోంచి వెంటనే లేవలేదు. నా చీటీ, తన చీటీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు, చదవడం రాకపోయినా. మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చాక రెండు టీలు తెచ్చాడు. కాగితపు కప్పు నా చేతికిస్తూ అడిగాడు.

"ఢోలక్ తెచ్చిండ్రని కోపమొచ్చిందా పంతులూ?"

నేను ఏదో ఒకటి చెప్పవలసిన క్షణం అది. ఇన్నేళ్ళు చదివిన చదువంతా ఆ ఒక్క మాట కోసమే అయి ఉండాలి. "టీ చల్లారిపోతుంది, తాగు" అన్నాను. తాగాడు. బస్టాపు దాకా నా పక్కనే, నా అడుగుకు అడుగు కలిపి నడిచాడు.

మర్నాడు శుక్రవారం. మ్యాచ్‌లు అయిపోయాయి కనుక సత్సంగం మళ్ళీ నాలుగింటికే. పదిమంది వస్తారనుకుని చాపలు పరిచాను. వాకిట్లో చెప్పుల చప్పుడు మొదలై ఎంతకీ ఆగలేదు. పాత నలభై మందే కాదు, ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చారు. హాలు నిండి మెట్ల మీద కూర్చున్నారు. "అన్న తోలుకొచ్చిండు. పంతులుకు మంది కావాలె, అందరు రావాలె అన్నడు" అని ఢోలక్ దించుతూ చెప్పాడు పైపు ఫిట్టరు. అందరికన్నా చివర ఇతను వచ్చాడు, తలకు నూనె రాసుకుని. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

వరుసలో ఆ వారం రావలసిన ప్రసంగం సత్యం గురించి. దాటవేయవచ్చు. అంతమంది జనాన్ని చూసి దాటవేయలేదు. ముప్పావుగంట చెప్పాను. నా గొంతు ఎప్పుడూ అంత బాగా పలకలేదు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఇతను కొంచెం నోరు తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా విన్నాడు. నిద్రపోలేదు. నన్ను అనుమానించడం కన్నా తన కళ్ళను అనుమానించడం సులువైన మనిషి. తెలిసిపోయాక కూడా నాకు కావలసినదేమిటో కనిపెట్టి, దాన్ని పోగుచేసి తెచ్చి నా ముందు కూర్చోబెట్టిన మనిషి. సత్యం గురించి మాట్లాడుతూనే అతన్ని చూసి కుళ్ళుకున్నాను, ఆ మంచితనం నాదెందుకు కాలేదని.

హారతి అయ్యాక ఒక్కొక్కరే వచ్చి కాళ్ళకు దండం పెట్టి ప్రసాదం తీసుకోవడం మా దగ్గర అలవాటు. వరుస నడిచింది. ఇతని వంతు వచ్చి, వంగాడు. నేను పాదాలు వెనక్కి లాక్కోబోయాను.

వంగినవాడు వంగినట్టే ఉండి, నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

"ఉండనియ్యి పంతులూ. మంది జూస్తున్నరు."

రెండు చేతులూ నా పాదాల మీద పెట్టి కళ్ళకు అద్దుకున్నాడు. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.